మాసెరాటి గ్రాన్‌టూరిస్మో లీజు: నెలసరి కిస్తీ బాగానే ఉంది, కంపెనీ చరిత్ర చూస్తేనే భయం

త్రిశూలం_పిచ్చోడు:

అందరికీ నమస్తే. కొత్త గ్రాన్‌టూరిస్మో, వి6 పెట్రోలు, 36 నెలల లీజుకి కోట్ తెచ్చుకున్నా. నెల కిస్తీ చూస్తే కాస్త బిగించుకుంటే కట్టగలను అనిపించింది. కాగితం మొత్తం చదివితే మాత్రం బుర్ర వేడెక్కింది. రెసిడ్యువల్ 48 శాతం అంట, మనీ ఫ్యాక్టర్ 0.0025 అంట, ముందుగా ధరలో 15 శాతం కట్టాలంట, ఏడాదికి 8,000 కిలోమీటర్లు దాటకూడదంట.

మా బావ ఒకటే గొడవ. "ఆ కంపెనీ ఎన్ని చేతులు మారిందో తెలుసా? రేపు ఎవడికి అమ్ముతారో తెలీదు. పైగా లీజంటే అద్దింటికి మార్బుల్ వేయించడమే" అంటాడు. మాసెరాటి గుర్తయిన ఆ త్రిశూలం బొమ్మ మీద నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. దాన్ని పక్కన పెట్టి నిజం చెప్పండి. ఇది తీసుకోదగ్గ లీజేనా? కంపెనీ చరిత్రకీ నా నెల కిస్తీకీ అసలేమైనా సంబంధం ఉందా?

గేర్‌బాక్స్_గోవిందు:

కొత్తదొద్దు తమ్ముడూ. పాత గ్రాన్‌టూరిస్మో, 4.7 లీటర్ల వి8 ఇంజన్‌ది కొనేసుకో. ఆ ఇంజన్ తయారైంది ఫెరారీ వాళ్ళ మరానెల్లో ఫ్యాక్టరీలో. ఒక్కసారి సొరంగంలో కిటికీ దించి నడుపు, లీజు గీజు అన్నీ మర్చిపోతావ్. టర్బో వి6తో ఆ సౌండ్ రమ్మన్నా రాదు.

రిటర్న్_బే:

లీజు అయిపోయి తిరిగొచ్చే బళ్ళని చూసి రిపోర్టు రాయడం నా ఉద్యోగం. ఖరీదైన స్పోర్ట్స్ కార్లు నా చేతుల మీదుగా చాలానే పోతుంటాయి కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తా, ఓపిక చేసుకోండి.

ముందు లెక్క. కారు ధర 100 అనుకోండి. రెసిడ్యువల్ 48 అంటే మూడేళ్ళ తర్వాత ఆ బండి 48 పలుకుతుందని లీజు కంపెనీ ఇవాళే రాసిచ్చింది. మధ్యలో కరిగే 52 మీరు కట్టాలి. 36 నెలలకు పంచితే నెలకు 1.44. దీని మీద వడ్డీ. మనీ ఫ్యాక్టర్‌ని 2400తో గుణిస్తే ఏడాది వడ్డీ శాతం తెలుస్తుంది, మీది 6 శాతం. నెలవారీ వడ్డీ కట్టేటప్పుడు ధరని, రెసిడ్యువల్‌ని కలిపి (100+48) 0.0025తో గుణిస్తారు, 0.37 వస్తుంది. మొత్తం నెలకు 1.81, పన్నులు వేరే. "ఇంత తక్కువా" అని మీకు అనిపించిందంటే కారణం ఆ 15 శాతం ముందు చెల్లింపే. అది కట్టాక నెలసరి 1.36 దగ్గర కనిపిస్తుంది. చూడ్డానికి బాగుంది. కానీ ఆ 15 మీద మూడేళ్ళలో మీకు మిగిలే వడ్డీ 1.35, అంతే.

ఆ ముందు డబ్బు కట్టకండి. బండి షోరూమ్ దాటిన రెండో నెలలో టోటల్ లాస్ (బాగుచేయడానికి పనికిరానంత నాశనం) అయిందనుకోండి. బీమా డబ్బు బండి యజమానికి, అంటే లీజు కంపెనీకి వెళ్తుంది. మీ 15 గాల్లో కలిసిపోతుంది. బీమా ఇచ్చేదానికీ లీజు బాకీకీ మధ్య తేడా మోసే గ్యాప్ కవర్ ఒప్పందంలో ఉందో లేదో అడగండి. ఉన్నా సరే, మీరు ముందు పోసినది చాలా వరకు అది వెనక్కి ఇవ్వదు.

బేరం ఆడాల్సింది నెలసరి మీద కాదు, ధర మీద. "నెలకు ఇంత చేయండి" అన్నారో, గడువు పెంచో కిలోమీటర్లు కోసో అంకె సరిచేసేస్తారు. అదే 8 శాతం ధర తగ్గించారనుకోండి, పై లెక్కలో పైసా ముందు కట్టకుండానే 1.81 కాస్తా 1.57 అవుతుంది.

ఇక చరిత్ర. సంబంధం ఉంది, ఆ రెసిడ్యువల్ అంకెలోనే ఉంది. అయితే మీ బావగారు అనుకుంటున్నట్టు కాదు.

మాసెరాటి 1914లో బొలోన్యాలో మొదలైంది. అల్ఫియేరి, ఎత్తోరె, ఎర్నెస్తో అనే అన్నదమ్ములు పెట్టిన వర్క్‌షాప్. కొన్నాళ్ళు స్పార్క్ ప్లగ్గులు కూడా చేశారు. మీకిష్టమైన ఆ త్రిశూలం గీసింది వాళ్ళ ఇంకో సోదరుడు మారియో. ఆయన ఇంజన్ల జోలికి పోలేదు, చిత్రకారుడు. బొలోన్యా నడిబొడ్డున నెప్ట్యూన్ విగ్రహం చేతిలో ఉన్నది చూసి గీశాడు. 1926లో తమ పేరుతో తొలి కారు దించి, అల్ఫియేరి స్వయంగా తార్గా ఫ్లోరియో రేసులో నడిపాడు. 1932లో ఆయన పోయాక డబ్బు కష్టాలు మొదలయ్యాయి. 1937లో మోడెనాకి చెందిన ఓర్సి కుటుంబానికి అమ్మేశారు. మిగిలిన అన్నదమ్ములు పదేళ్ళు అక్కడే జీతానికి పనిచేసి, 1947లో బయటికొచ్చి ఓస్కా అని మరో కంపెనీ పెట్టుకున్నారు. సొంత ఇంటిపేరు మాత్రం పాత కంపెనీ దగ్గరే ఉండిపోయింది.

ఆ తర్వాత వరస ఇది: 1968లో సిట్రోయెన్, 1975లో డీ తొమాసో (ఇటలీ ప్రభుత్వ సంస్థ ఊతంతో), 1993లో ఫియట్, 1997లో సగం ఫెరారీ, 1999కి మొత్తం ఫెరారీ, 2005లో మళ్ళీ ఫియట్ గూటికి, 2021 నుంచి ఫియట్ కూడా కలిసిపోయిన స్టెల్లాంటిస్ గ్రూపు. ఇన్ని చేతులు మారినా, ఓర్సిలు మోడెనాకి తెచ్చిన ఫ్యాక్టరీ అక్కడే ఉంది. మీ బావగారు ఇది లెక్కలోకి తీసుకోలేదు.

రీసేల్ పడిపోవడానికి చేతులు మారడం కంటే పెద్ద కారణం 1981లో వచ్చిన బైటర్బో అనే మోడల్ అని నా అభిప్రాయం. రెండు టర్బోలతో వచ్చిన తొలి ప్రొడక్షన్ కారు అది. కాగితం మీద అద్భుతం. కానీ టర్బోలు కార్బురేటర్‌లోకి గాలి కొట్టేవి, ఫ్యూయల్ ఇంజెక్షన్ తర్వాతెప్పుడో వచ్చింది. వేడికి తిక్క, ట్రాఫిక్‌లో తిక్క. చౌక ధరకు ఎక్కువ బళ్ళు అమ్మాలన్న ఆత్రంలో పేరు పోగొట్టుకున్నారు, 1991 నాటికి అమెరికా మార్కెట్ నుంచే తప్పుకున్నారు. బైటర్బో చూడనివాళ్ళు కూడా "మాసెరాటియా, అమ్మో" అనడం అప్పటి నుంచే. సెకండ్ హ్యాండ్ కొనేవాడి మనసులో ఆ "అమ్మో" ఉన్నంతకాలం ధర నిలబడదు.

సరే, ఇది మీకు ఎలా పనికొస్తుందంటే: మూడేళ్ళ తర్వాత బజారులో ఆ బండికి 48 కాక 40 మాత్రమే వచ్చిందనుకోండి, ఆ 8 నష్టం లీజు కంపెనీది. తాళాలిచ్చేసి వచ్చేయొచ్చు. 55 పలికిందనుకోండి, మీరే 48కి కొనుక్కోవచ్చు, ఆ హక్కు ఒప్పందంలో అంకెతో సహా రాసి ఉంటేనే. ధర నిలబడని బండిని కొనడం కంటే లీజుకి తీసుకోవడమే నయం అనేది అందుకే. ఊరికే ఏమీ రాదు, 52 కరుగుదల మీరు కడుతూనే ఉంటారు. కానీ అంతకు మించి కరిగితే అది మీ తలనొప్పి కాదు.

గోవిందు గారూ, 4.7 శబ్దం గురించి వాదన లేదు. ఒక్క మాట మాత్రం: ఫెరారీల్లో ఆ కుటుంబం ఇంజన్లది ఫ్లాట్‌ప్లేన్ క్రాంక్, మాసెరాటికి క్రాస్‌ప్లేన్ (పిస్టన్లు తిప్పే ఇరుసు వంపులు రెండింటిలో వేరే కోణాల్లో ఉంటాయి). అందుకే దాని గొంతు ఫెరారీలా కీచుగా కాక బరువుగా ఉంటుంది. రోబో గేర్‌బాక్స్ (క్లచ్‌ని మనం కాక యంత్రమే నొక్కే రకం) ఉన్న బండి అయితే క్లచ్ ఎంత అరిగిందో స్కానర్ పెట్టి చూడకుండా కొనొద్దని మాత్రం చెప్పండి.

గేర్‌బాక్స్_గోవిందు:

క్లచ్ సంగతి ఒప్పుకుంటా. అన్నట్టు చరిత్రలో అసలు ముక్క వదిలేశారేంటి గురువుగారూ! 1957, జర్మనీలో నూర్‌బర్గ్‌రింగ్ రేసు! రేసర్ ఫాంజియో మాసెరాటి 250ఎఫ్ రేసు కారులో టైర్లు మార్చుకోడానికి ఆగి, దాదాపు ముప్పావు నిమిషం వెనకబడి, ల్యాప్ రికార్డు మళ్ళీ మళ్ళీ బద్దలు కొట్టుకుంటూ రెండు ఫెరారీలనీ దాటేశాడు. ఐదో ప్రపంచ టైటిల్ అక్కడే ఖాయమైంది. ఇండియానాపొలిస్ 500 కూడా 1939లో, 1940లో విల్బర్ షా మాసెరాటితోనే కొట్టాడు. పిచ్చి ఊరికే పట్టదు.

రిటర్న్_బే:

వదిలేయలేదు, వస్తున్నా. ఫాంజియో గెలిచిన ఆ ఏడాదే కంపెనీ దగ్గర డబ్బుల్లేవు. ఏడాది చివర వెనెజులా రేసులో ఫ్యాక్టరీ కార్లన్నీ ప్రమాదాల్లో పోయాయి. రేసింగ్ టీమ్ మూసేశారు. అదే 1957లో జెనీవాలో చూపించిన 3500 జీటీనే వాళ్ళని బతికించింది. రెండు వేలకు పైగా అమ్ముడైంది, అప్పటిదాకా రోడ్డు కార్లు ఏదో ఒకటీ అరా చేసిన కంపెనీకి అది పెద్ద మాట. గ్రాన్‌టూరిస్మోకి ముత్తాత ఎవరంటే నేను 250ఎఫ్ అనను, 3500 జీటీ అంటా. దూరాలు సుఖంగా వెళ్ళే వేగమైన కారు. మీరు లీజుకడుగుతున్నదీ అదే.

త్రిశూలం_పిచ్చోడు:

గురువుగారూ, దండం. ముందు డబ్బు లేకుండా కోట్ మళ్ళీ అడిగా, సేల్స్ అతని గొంతు మారిపోయింది 😀 రెండు డౌట్లు. ఒకటి, ఏడాదిన్నరకే మోజు తీరిపోతే తిరిగిచ్చేయొచ్చా? రెండు, తిరిగిచ్చేటప్పుడు గీతలకీ సొట్టలకీ బాదేస్తారంటారు, నిజమేనా? ఇదే కారు ఎలక్ట్రిక్ వెర్షన్ ఫోల్గోరె గురించి కూడా ఒక మాట చెప్పండి, షోరూమ్‌లో దాన్నే తోస్తున్నారు.

రిటర్న్_బే:

మధ్యలో ఇవ్వడం ఈ రకం బండితో చాలా ఖరీదైన పని. విలువ మొదటి ఏడాదిలోనే దబ్బున పడుతుంది, మీ కిస్తీలు మాత్రం సమానంగా సాగుతాయి. 18వ నెలలో బండి విలువ మీ బాకీ కంటే బాగా కింద ఉంటుంది, ఆ తేడా మీ దగ్గరే వసూలు చేస్తారు. పైగా రద్దు రుసుము. నేను చెప్పిన "నష్టం కంపెనీది" అన్న మాట పూర్తి గడువు నడిపినవాడికే. మోజు తీరుతుందన్న అనుమానం ఇప్పుడే ఉంటే 24 నెలలకు కోట్ అడగండి. నెలసరి ఎక్కువే, కానీ ఇరుక్కోరు.

బాదుడు సంగతి: నేను బండి చుట్టూ తిరిగేటప్పుడు ముందు చూసేది పెయింటు కాదు, చక్రాలు. ఈ కారుకి ముందు 20 అంగుళాలు, వెనక 21. టైరు గోడ సన్నగా ఉంటుంది కాబట్టి ఫుట్‌పాత్ అంచు తగిలితే నేరుగా అల్లాయ్ గీసుకుపోతుంది. కుడి ఎడమల్లో ఒకవైపే, అదీ వరసగా, అరచేతి పొడవున తెల్లటి గరుకు గీతలు. దూరానికి కనపడవు, వేలితో రాస్తే తెలుస్తాయి. నాలుగింటికీ ఉంటే నాలుగింటికీ రాస్తా. తర్వాత ముందు బంపర్ కింది పెదవి, మోకాళ్ళ మీద కూర్చుని టార్చ్ వేసి చూస్తా. యజమానులు ఎప్పుడూ చూసుకోని చోటు అదే. ఆ తర్వాత టైర్ల లోతు. చాలాచోట్ల చట్టం 1.6 మిల్లీమీటర్లు చాలంటుంది, లీజు ఒప్పందాలు చాలావరకు దానికంటే ఎక్కువ అడుగుతాయి. ముందు వెనక సైజులు వేరు కాబట్టి వాటిని అటూ ఇటూ మార్చుకుని అరుగుదల సమం చేయడం కుదరదు. ఇంకోటి, వేరే బ్రాండు టైరు ఒకటే వేయించి తెస్తారు కొందరు. ఇది నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి వెళ్ళే బండి, జత తప్పితే ఒప్పుకోరు. ఒప్పందంలో "సాధారణ అరుగుదల" అంటే ఏమిటో గీత పొడవుతో, సొట్ట కొలతతో రాసి ఉన్న పేజీ ఒకటి ఉంటుంది. సంతకానికి ముందు అడిగేది నెలసరి పేజీ ఒక్కటే కాదు, అదీ అడగండి.

కిలోమీటర్లు తక్కువ రాయించుకుని తర్వాత చూద్దామనుకోకండి. దాటిన ప్రతి కిలోమీటరుకీ పడే రేటు, ముందే కొనుక్కునే రేటు కంటే మామూలుగా ఎక్కువే. 8,000 అంటే నెలకు 670 లోపు. ఇది గ్యారేజీలో పెట్టి చూసుకునే బండి కాదు, పొడుగు ప్రయాణాలకు చేసింది. 12,000కి కోట్ తీసుకుని రెండూ పక్కపక్కన పెట్టుకోండి.

ఫోల్గోరె నడపడానికి నాకు నచ్చింది. కొనడానికైతే వద్దంటా, లీజుకైతే మాత్రం రెసిడ్యువల్ అంకె చూసి మాట్లాడదాం. ఖరీదైన ఎలక్ట్రిక్ కార్ల పాత ధర ఎక్కడ ఆగుతుందో ఇంకా ఎవరికీ అందలేదు, ఆ భయాన్ని కాగితం మీద మోయడానికి లీజు కంపెనీ సిద్ధపడి మంచి అంకె రాస్తే లాభం మీదే. షోరూమ్ వాళ్ళు తోస్తున్నారంటే ధరలో పెద్ద కోత ఉండే అవకాశమూ ఉంది. వి6 కోట్ చూపించి, అదే గడువుకి, అదే కిలోమీటర్లకి, సున్నా ముందు డబ్బుతో దీనికీ రాసివ్వమనండి. రెండు కాగితాలూ ఇక్కడ పెట్టండి, పేరూ చాసిస్ నంబరూ చెరిపేసి.