అపార్ట్‌మెంట్ గేటు దగ్గరే సేల్స్‌వాళ్లను ఆపేయాలా?

ఎంవీపీ కాలనీ వాసి:
మొన్న మంగళవారం మధ్యాహ్నం ఇంట్లో అమ్మ ఒక్కర్తే ఉంది. 72 ఏళ్లు. బెల్లు మోగితే కొరియర్ అనుకుని తలుపు తీసింది. మెడలో కార్డు వేసుకున్న కుర్రాడు "మీ కుళాయి నీళ్లు ఫ్రీగా టెస్ట్ చేస్తామమ్మా" అంటూ లోపలికొచ్చేశాడు. ఒక గ్లాసులో మా విశాఖ కార్పొరేషన్ (జీవీఎంసీ) కుళాయి నీళ్లు, ఇంకో గ్లాసులో అతను తెచ్చిన నీళ్లు. రెంటిలోనూ కడ్డీలు ముంచి ప్లగ్గు పెట్టాడు. కాసేపటికి మా నీళ్లు తుప్పురంగుకి తిరిగి మడ్డి కట్టాయి. అతనివి తేటగానే ఉన్నాయి. "ఇన్నేళ్లూ ఇదేనమ్మా మీరు తాగింది" అన్నాడట. అమ్మ హడలిపోయి, మందులకి దాచుకున్న దాంట్లోంచి అతను అమ్మే నీళ్ల ఫిల్టరుకి 2,000 అడ్వాన్సు ఇచ్చేసింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి, మనవలకి ఆ నీళ్లే పోశానని ఏడుస్తోంది. డబ్బు కంటే నాకు అదే బాధ. ఆదివారం అసోసియేషన్ మీటింగులో "అమ్మకందార్లకు ప్రవేశం లేదు" అని బోర్డు పెట్టమని అడుగుతాను. మీరేమంటారు?

గాజువాక కుర్రాడు:
బోర్డు వద్దండి. డిగ్రీ అయ్యాక ఎనిమిది నెలలు నేనూ ఆ బ్యాగు మోశాను. మే నెల ఉక్కలో చొక్కా ఒంటికి అతుక్కుపోయేది. సాయంత్రం టార్గెట్ అవలేదంటే ఆ రోజు టిఫిన్ డబ్బులు కూడా మన జేబులోవే. ఆ కడ్డీల పరీక్ష నిజమని చెప్పే మాకు నేర్పారు. మేమూ నమ్మాం. మా ఇంట్లో అమ్మకి కూడా చేసి చూపించాను. తప్పు నేర్పినవాళ్లది.

సీతమ్మధార కెమిస్ట్రీ మాస్టారు:
ముందు మీ అమ్మగారికి ఈ మాట చెప్పండి: ఆ మడ్డి నీళ్లలోది కాదు, కడ్డీలది. ఆ పెట్టెల్లో మామూలుగా ఒక కడ్డీ ఇనుము, ఒకటి అల్యూమినియం. కరెంటు పారితే ఇనుము కరిగి తుప్పుగా దిగుతుంది. కరెంటు పారాలంటే నీళ్లలో లవణాలు కావాలి. కుళాయి నీళ్లలో అవి ఉంటాయి. వాళ్లు తెచ్చేలాంటి ఆర్వో ఫిల్టరు నీళ్లలోంచి చాలా మటుకు తీసేస్తారు కాబట్టి రంగు మారదు. ఈసారి ఎవరైనా వస్తే వాళ్ల నీళ్లలోనే చిటికెడు ఉప్పు వేసి మళ్లీ పెట్టమనండి, అవీ అలాగే అవుతాయి. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే సరిపోతుందని తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 చెబుతోంది. క్రిములున్నాయో లేదో ల్యాబులో తేలాలి, ఈ కడ్డీలతో తేలదు. గాజువాక బాబూ, నీ కష్టం నాకు అర్థమైంది. అయినా ముసలివాళ్లను భయపెట్టి అమ్మే సరుకు మెట్లెక్కకూడదు. నా ఓటు బోర్డుకే.

పెదవాల్తేరు ఇల్లాలు:
మాస్టారూ, మా గేటుకి ఆ బోర్డు పెట్టి రెండేళ్లయింది. ఆగిందెవరో తెలుసా? జాలరిపేట నుంచి గంప నెత్తిన పెట్టుకొచ్చే చేపలామె. మా అత్తగారి కాలం నుంచి వంటింటి గుమ్మం దాకా వచ్చేది. ఇప్పుడు రోడ్డు మీద ఎండలో నిలబడుతోంది. కార్డు వేసుకున్నవాళ్లు మాత్రం ఫలానా ఫ్లాట్‌కి కొరియర్ అని చెప్పి వచ్చేస్తూనే ఉన్నారు. తిరిగి అమ్ముకునేవాళ్లని కూడా 2014 వీధి వ్యాపారుల చట్టం గుర్తించింది. అది మన మెట్లెక్కే హక్కు ఇవ్వదు, నిజమే. కానీ ఆమె ఎవర్నీ ఏనాడూ భయపెట్టలేదు. ఇద్దరికీ ఒకటే బోర్డా?

అక్కయ్యపాలెం:
నెట్‌వర్క్ పద్ధతిలో అమ్మే సంస్థల ఏజెంట్లు గుర్తింపు కార్డు, మన ముందస్తు అనుమతి లేకుండా ఇంటికి రాకూడదని 2021 డిసెంబరు డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనల్లో ఉంది. మీ రసీదు మీద కంపెనీ పేరుంటే ఆర్డరు రద్దు చేయమని రాసి పంపండి. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

ఎంవీపీ కాలనీ వాసి:
పెదవాల్తేరు అక్కా, చేపలామె సంగతి నాకు తట్టనే లేదు. బోర్డు మాట మానేస్తున్నా. వాచ్‌మన్ ముందు ఇంటర్‌కమ్ చేసి, వచ్చినవాళ్ల పేరు, కంపెనీ, ఫోన్ నంబరు పుస్తకంలో రాయించాలని అడుగుతాను. ఇంట్లో పెద్దవాళ్లే ఉంటే పిల్లలకి ఫోన్ చేశాకే పైకి పంపాలి. మాస్టారూ, మీరు రాసింది అమ్మకి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది. రాత్రి కుళాయి నీళ్లు కాచి, చల్లార్చి, తనే పిల్లలకి గ్లాసుల్లో పోసింది.