సంక్రాంతి టికెట్ కిటుకు గ్రూపులో పెట్టాలా, వద్దా?

వైట్‌ఫీల్డ్ బెజవాడోడు: పండక్కి బెంగళూరు నుంచి శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో విజయవాడకి వెయిటింగ్ లిస్ట్ చూపిస్తున్నా, చివరి స్టేషన్ కాకినాడ దాకా అడిగితే ఒక్కోసారి బెర్తు దొరుకుతుంది. మధ్యలో దిగేవాళ్ల కోటా వేరు, చివరిదాకా వెళ్లేవాళ్ల కోటా వేరు. నేను కాస్త ఎక్కువ చార్జీ కట్టి కాకినాడకి తీసుకుంటాను, బెజవాడలో దిగిపోతాను. ఇది మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల గ్రూపులో పెట్టమంటుంది మా ఆవిడ. పెడితే వచ్చే ఏడాది నాకే దొరకదు. ఏమంటారు?

కేఆర్‌పురం: పెట్టకండి. వంట చిట్కా పదిమందికి చెబితే మీ కూర రుచేం తగ్గదు. బెర్తులు అలా కాదు, ఉన్నవే కొన్ని.

స్లీపర్ క్లాస్: నేను ఒప్పుకోను. ఇది రహస్యమని మీరనుకుంటున్నారు, ఏజెంట్లకి ఎప్పుడో తెలుసు. తెలియనిది మొన్న ఉద్యోగంలో చేరి పీజీలో ఉంటున్న కుర్రాడికి. 2024 నవంబర్ 1 నుంచి అడ్వాన్స్ బుకింగ్ 120 రోజుల నుంచి 60కి తగ్గింది. అంటే జనవరి 12 ప్రయాణానికి నవంబర్ 13 ఉదయం 8 గంటలకి కూర్చోవాలి. ఈ మాత్రం కూడా తెలియనివాళ్లు మా ఆఫీసులోనే బోలెడుమంది. వాళ్లంతా చివరికి ప్రైవేటు బస్సుకి అడిగినంతా ఇచ్చుకుంటున్నారు. మీరు దాచిపెడితే బాగుపడేది ఎవరో చూడండి.

సామర్లకోట: చెప్పాలా వద్దా అని కొట్టుకుంటున్నారు గానీ, బెజవాడ దాటాక ఆ బెర్తు ఎవరిదండీ? నిజంగా చివరిదాకా వెళ్లేది మేం.

వైట్‌ఫీల్డ్ బెజవాడోడు: ఖాళీ అయితే టీటీఈ ఆర్‌ఏసీ వాళ్లకి, అంటే ఒకే బెర్తులో ఇద్దరేసి కూర్చునేవాళ్లకి, ఇస్తారు కదండీ.

సామర్లకోట: ఇస్తారు, బెజవాడ నుంచి! అప్పటిదాకా సైడ్ లోయర్‌లో ఇద్దరు ముడుచుకుని కూర్చోవాలి. ఇక ఆన్‌లైన్‌లో వెయిటింగ్ ఉన్నవాళ్లయితే బండే ఎక్కరు. చార్ట్ వేశాక వాళ్ల టికెట్ దానంతటదే క్యాన్సిల్ అయిపోతుంది.

స్లీపర్ క్లాస్: ఇది నేను ఆలోచించలేదు. కానీ తప్పు కోటాలు పంచిన తీరులో ఉంది, జనంలో కాదు.

వైట్‌ఫీల్డ్ బెజవాడోడు: సరే, 60 రోజుల సంగతీ, 8 గంటల సంగతీ గ్రూపులో పెడతాను. కాకినాడ సంగతి మాత్రం పెట్టను. మీవాళ్లకి అన్యాయం కదా.

కేఆర్‌పురం: నేను మొదట చెప్పిందీ అదే. మీకు పుణ్యమూ, బెర్తూ రెండూ దక్కాయి 😀

సామర్లకోట: పెట్టకపోవడం బాగానే ఉందండీ. వచ్చే పండక్కి మీరు టికెట్ ఎక్కడిదాకా తీసుకుంటారు?