ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు ఎవరి అకౌంట్‌లో పడాలి: అమ్మకా, కాలేజీకా?

సీమ_బిడ్డ: ఆంధ్రాలో 2021 నుంచి విద్యాదీవెన, అంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు తల్లి అకౌంట్‌లో వేసేవాళ్ళు, పడిన వారం పది రోజుల్లో కాలేజీకి కట్టాలి. 2024లో ప్రభుత్వం మారాక మళ్ళీ నేరుగా కాలేజీకే అన్నారు. నాకైతే ఇది నచ్చలేదు. మా అమ్మ బడి మొహం చూడలేదు, అయినా ఫీజు కట్టడానికి వచ్చినరోజు మా డిపార్ట్‌మెంట్ హెడ్‌ని నిలబెట్టి అడిగింది, ల్యాబ్‌లో సిస్టమ్‌లు పనిచేయట్లేదంట కదా సార్ దేనికి కడుతున్నాం అని. డబ్బు చేతిలో ఉంది కాబట్టే అడగగలిగింది. ఇప్పుడు ఎవరు అడుగుతారు?

డిగ్రీ_లెక్చరర్: తమ్ముడూ మీ అమ్మగారికి దండం, కానీ అందరిళ్ళలో అలా జరగలేదు. మా కాలేజీలో చాలామంది కట్టలేదు, వాళ్ళని తప్పుపట్టను, ఇంట్లో ఒకరు ఆస్పత్రిలో ఉంటే చేతిలో ఉన్న డబ్బు ఎక్కడికి పోతుంది చెప్పు. అలా ఆగిన ఫీజుల వల్ల మాకు నాలుగు నెలలు జీతాల్లేవు. 2021 సెప్టెంబర్‌లో హైకోర్టు కూడా కాలేజీకే వేయమంది. అయినా తల్లులకి వేయడం ఆగలేదు, తర్వాత తల్లీ విద్యార్థీ కలిసి జాయింట్ అకౌంట్ తెరవమన్నారు, ఆ బ్యాంకు లైన్లు గుర్తున్నాయా?

పాలిటెక్నిక్_అక్క: సార్, మీ జీతం బాధ అర్థమైంది. ఎస్సీ పిల్లల సంగతి కూడా వినండి. మాకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40. కేంద్రం వాటా ఎవరి అకౌంట్‌లో పడాలి? స్టూడెంట్ అకౌంట్‌లోనే, అది రూల్. కాలేజీ మాత్రం అవి పడేదాకా ఆగదు, పరీక్షల ముందు మొత్తం కడితేనే హాల్ టికెట్ అంటారు. మా తమ్ముడికి అమ్మ డ్వాక్రా లోన్ తీసి కట్టింది, వడ్డీ ఎవరిస్తారు?

వరంగల్_బీటెక్: మా తెలంగాణల ఎప్పటిసంది కాలేజీకే వేస్తున్నరు అన్నా, ఏం ఒరిగింది? బకాయిలు ఏండ్ల తరబడి పెండింగ్. బీసీ వాళ్ళకి ఎంట్రన్స్‌ల పదివేల లోపు ర్యాంకు ఉంటేనే ఫుల్ ఫీజు, లేకుంటే 35 వేలే, మిగిలింది మనమే కట్టుకోవాలె. అది కట్టినంక కూడా గవర్నమెంట్ పైసలు రాలేదని నా ఒరిజినల్స్ ఆపిండ్రు, జాబ్ జాయినింగ్‌కి సర్టిఫికెట్లు కావాలంటే అప్పు తెచ్చి కట్టి విడిపించుకున్న, రీయింబర్స్‌మెంట్ పడ్డంక వాపస్ ఇస్తమన్నరు, రెండేండ్లయింది. ఒరిజినల్స్ ఆపొద్దని ఇంజనీరింగ్ కాలేజీలకి పర్మిషన్ ఇచ్చే ఏఐసీటీఈ రూల్స్‌లనే ఉంది, కానీ ఆ రూల్ చూపిస్తె క్లర్క్ నవ్విండు.

డిగ్రీ_లెక్చరర్: ఒరిజినల్స్ ఆపడం తప్పే, మేనేజ్‌మెంట్ తరఫున వాదించను. ఆ పిల్లాడి ఉద్యోగం పోతే ఎవరు తెచ్చిస్తారు. కానీ బిల్లు ట్రెజరీలో ఆగినప్పుడు చిన్న కాలేజీ ఎన్నాళ్ళు లాగుతుంది అది కూడా చూడండి.

సీమ_బిడ్డ: వరంగల్ అన్న చెప్పింది చదివాక ఒకటి ఒప్పుకుంటున్నా, ఏ అకౌంట్ అయినా టైముకి పడకపోతే నష్టపోయేది పిల్లోడే. సరే కాలేజీకే వేయండి. కానీ ఏ క్వార్టర్‌ది ఎంత పడిందో అదేరోజు అమ్మ ఫోన్‌కి తెలుగులో మెసేజ్ రావాలి, అప్పుడు రాలేదని చెప్పి మళ్ళీ కట్టించుకోలేరు. పిల్లోడు ముందే కట్టుంటే నెలలోపు వాపస్ ఇవ్వాలి, ఇవ్వకపోతే తర్వాతి క్వార్టర్ బిల్లులో కోసి నేరుగా పిల్లోడికే వేయాలి.

పాలిటెక్నిక్_అక్క: ఆ మెసేజ్ సంగతి బాగుంది తమ్ముడూ. హాల్ టికెట్ మాట కూడా కలుపు. ఫీజు బాకీ ప్రభుత్వానిదైతే పరీక్ష దగ్గర పిల్లల్ని ఆపకూడదు అని జీవో రావాలి, కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ ఇస్తున్నా, ఎవరైనా వస్తారా?