సెమీ క్రిస్మస్‌కి సండే స్కూల్ పిల్లలతో స్లైమ్: ఎలా చేయించాలి?

గుంటూరు సండేస్కూల్ అక్క

అందరికీ వందనాలు. మా సంఘంలో 20వ తేదీ సాయంత్రం సెమీ క్రిస్మస్. ప్రతి ఏడూ పిల్లల చేత స్టార్లు కట్టించడం, కంఠత వాక్యాలు చెప్పించడం, చివర్లో తలా ఒక కేకు ముక్క, అంతే. ఈసారి ఆరు, ఏడు తరగతుల పిల్లలు ఎదురుతిరిగారు. ‘అక్కా, చార్టులూ రంగు కాగితాలూ వద్దు, స్లైమ్ చేద్దాం’ అని ఒకటే గోల. అదే, చేత్తో సాగదీసి ఆడుకునే జిగట ముద్ద. ఎరుపు, ఆకుపచ్చ, మంచులా తెల్లది, మూడు రంగులూ కావాలట. అందులో మెరుపులు కూడా.

నాకు స్లైమ్ అంటే మా అక్క కొడుకు సోఫాకి అంటించి దెబ్బలు తినడం తప్ప ఇంకేమీ తెలియదు. ఫోన్‌లో చూస్తే ఒకరు షాంపూ అంటారు, ఒకరు బట్టలసబ్బు లిక్విడ్ అంటారు, ఒకరు బోరాక్స్ అంటారు. మొత్తం పాతికమంది పిల్లలు. అందులో ఓ ఐదారుగురు మూడు నాలుగేళ్ళవాళ్ళు, ఏది చేతికిస్తే అది నోట్లోకే. పైగా పాస్టరమ్మగారు ముందే చెప్పేశారు: ‘చాపలకి అంటితే నువ్వే కడగాలి’ అని. సంఘం డబ్బు, కాబట్టి ఖర్చు కూడా చూసుకోవాలి. చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, ప్లీజ్.

---

చిన్నీ వాళ్ళమ్మ

అక్కా, ముందు బట్టల సంగతి చూడండి. సెమీ క్రిస్మస్ అంటే అందరూ కొత్త బట్టల్లో వస్తారు. పట్టులంగా మీద స్లైమ్ పడితే ఆ తల్లి మీతో ఈస్టర్ దాకా మాట్లాడదు. పెద్దవాళ్ళ పాత చొక్కా ఒకటి తెచ్చుకోమనండి, వెనక బొత్తాలు వచ్చేలా తిరగేసి తొడిగితే సరిపోతుంది. కింద న్యూస్‌పేపర్ పరచొద్దు, అంటుకుని చిరిగి అందులోనే కలిసిపోతుంది. ఒక్కొక్కరికి ఒక స్టీలు పళ్ళెం ఇవ్వండి. స్టీలు మీద నుంచి చక్కగా ఊడొచ్చేస్తుంది.

---

తెనాలి సైన్సు మాస్టారు

అమ్మా, నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. పదో తరగతి పిల్లలకి పాలిమర్లు చెప్పేటప్పుడు ఈ ఆటే ఆడించేవాణ్ణి, కాబట్టి కొంచెం ఓపిగ్గా రాస్తాను.

తెల్ల జిగురులో పివిఎ అనే పదార్థం ఉంటుంది. ఉడికించిన సేమ్యాలా పొడుగు పొడుగు పోగులన్నమాట. మామూలుగా అవి ఒకదాని పక్క నుంచి ఒకటి జారిపోతుంటాయి, అందుకే జిగురు కారుతుంది. దానిలో బోరేట్, అంటే బోరాక్స్ నీళ్ళలో కరిగితే వచ్చేది, కలిపితే అది పోగుకీ పోగుకీ మధ్య అక్కడక్కడ ముడి వేస్తుంది. గట్టి ముడి కాదు, వీడుతూ మళ్ళీ పడుతూ ఉండే ముడి. అందుకే మెల్లగా లాగితే సాగుతుంది, ఠపీమని లాగితే తెగుతుంది. పిల్లలకి ఈ రెండూ చేసి చూపించండి, పాఠం అక్కర్లేదు.

జిగురు ఫెవికాల్ ఎమ్మార్ తీసుకోండి. వడ్రంగులు వాడే ఎస్‌హెచ్ వద్దు, బాగా చిక్కగా ఉంటుంది, బట్టల మీద పడితే వదలదు. తలకి 50 గ్రాములు చాలు. పెద్ద పిల్లలు ఇరవైమంది అనుకుంటే కిలో డబ్బా సరిపోతుంది, చిన్న సీసాల కంటే చవక కూడా. జిగురు ఎంతో నీళ్ళూ అంతే పోసి, రంగు అప్పుడే కలిపేయాలి. ముద్ద అయ్యాక రంగు వేస్తే చేతులకే అంటుతుంది.

ఇక ముడి వేసే సరుకు. బోరాక్స్ అంటే మన వెలిగారమే. కంసాలులు బంగారం అతికేటప్పుడు వాడేది. మూలికలు, ఆయుర్వేద సరుకులు అమ్మే కొట్లో దొరుకుతుంది. గడ్డలుగా ఇస్తే మీ వంటింటి రోట్లో మాత్రం దంచకండి. పావు లీటరు గోరువెచ్చని నీళ్ళలో చిన్న చెంచాడు పొడి కరిగించి, మూత గట్టిగా ఉన్న సీసాలో పోసి, సీసా మీద ‘తాగకూడదు’ అని పెద్దక్షరాలతో రాయండి. పొడి పిల్లల కంటపడకుండానే ఈ పని ఇంట్లో అయిపోవాలి. అక్కడ ఆ నీళ్ళు మీరే చెంచా చెంచాగా పోయండి, పిల్లలు ఐస్‌క్రీమ్ పుల్లతో కలుపుతారు. నాలుగైదు చెంచాలకి గిన్నె అంచుల్ని వదిలేసి ముద్దగా వస్తుంది. ఆ ముద్ద మొదట చేతికి అంటుతుంది. అది చూసి ఇంకా నీళ్ళు పోసేస్తారు అందరూ. పోయకండి. ఓ రెండు నిమిషాలు పిసికితే అదే వదులుతుంది. ఎక్కువైతే రబ్బరులా బిరుసెక్కి ముక్కలవుతుంది. అప్పుడు కాస్త వేడినీళ్ళ తడి చేసి పిసకండి.

జాగ్రత్త ఎందుకంటున్నానంటే, వెలిగారం కడుపులోకి పోతే మంచిది కాదు. యూరప్ దేశాల్లో అమ్మే జిగట ఆటవస్తువుల నుంచి బయటికొచ్చే బోరాన్ (వెలిగారంలో ఉండే మూలకం) కిలోకి 300 మిల్లీగ్రాములు దాటకూడదని నిబంధన ఉంది. ఇంట్లో కలిపేది ఆ హద్దు సులువుగా దాటిపోతుంది. అలాగని హడలిపోనక్కర్లేదు. పదేళ్ళు దాటిన పిల్లలు ఓ అరగంట ఆడి సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు. చేతి మీద గాయం, గజ్జి, తామర ఉన్నవాళ్ళని ముట్టుకోనివ్వద్దు. కేకు మాత్రం చేతులు కడిగాకే.

---

గుంటూరు సండేస్కూల్ అక్క

మాస్టారూ, ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్. రెండు డౌట్లు. మా తమ్ముడు క్యారమ్ బోర్డు పౌడర్ ఉంది, అదీ బోరిక్కే కదా అంటున్నాడు. అది వాడొచ్చా? ఇంకోటి, మరి చిన్నపిల్లల సంగతేంటి? అక్కవాళ్ళు ఆడుతుంటే వీళ్ళు ఊరుకోరు, ఏడిచి ఇల్లు పీకేస్తారు.

---

తెనాలి సైన్సు మాస్టారు

క్యారమ్ పౌడర్‌లో ఉండేది బోరిక్ యాసిడ్. ఒట్టిగా వేస్తే పెద్దగా పనిచేయదు, వంటసోడా తోడైతేనే బోరేట్‌గా మారి ముడి వేస్తుంది. కానీ ఆ ప్యాకెట్లలో ఎంత బోరిక్ ఉందో, ఇంకేం కలిపారో మనకి తెలియదు. వదిలేయండి. కాంటాక్ట్ లెన్స్ కడిగే ద్రవం, చిటికెడు వంటసోడా వేసినా ఇదే పని జరుగుతుంది. సీసా మీద బోరిక్ యాసిడ్ అనో సోడియం బోరేట్ అనో ఉండాలి, లేకపోతే ఎంత పోసినా దండగ. పాతికమందికి ఆ ఖర్చు సంఘం భరించలేదు లెండి.

చిన్నవాళ్ళకి వెలిగారం గడప తొక్కనివ్వకండి. వాళ్ళకి ఇసబ్గోల్. మలబద్ధకానికి రాత్రిపూట తాగుతారే, ఆ పొట్టు. గ్లాసు నీళ్ళలో నిండు చెంచాడు వేసి, కావలసిన రంగు, కేకుల్లో వేసేది, కలిపి, సన్నసెగ మీద అడుగంటకుండా తిప్పుతూ ఉండండి. పొంగు రాగానే దించి, చల్లార్చి, మళ్ళీ పెట్టండి. ఇలా కాచిన కొద్దీ బిగుస్తుంది. గరిటెకి ఒకే ముద్దగా వేలాడిందంటే అయినట్టే. పూర్తిగా చల్లారాకే పిల్లల చేతికివ్వాలి, లోపల వేడి చాలాసేపు ఉంటుంది. సాగడం తక్కువే, కానీ చల్లగా, జారుడుగా, వాళ్ళకి కావలసినంత అసహ్యంగా ఉంటుంది. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నా కంగారు లేదు. పొడి పొట్టు డబ్బా మాత్రం అందనివ్వకండి, గొంతులో ఉబ్బి అడ్డం పడుతుంది.

అదీ ఓపిక లేకపోతే రెండు కప్పుల కార్న్‌ఫ్లోర్‌లో (మొక్కజొన్న గంజిపొడి, రొట్టెల పిండి కాదు) కప్పు నీళ్ళు. గుద్దితే గట్టిగా, వదిలేస్తే కారిపోతూ ఉంటుంది. మా మనవడు దాని ముందు కూర్చుంటే అన్నానికి కూడా లేవడు. ఆట అయ్యాక సింకులో పోయొద్దు, గొట్టంలో పేరుకుపోతుంది. ఎండబెట్టి చెత్తలో వేయండి.

---

డల్లాస్ బాబాయి

మాస్టారు అన్నీ చెప్పారు, రంగు సంగతి ఒకటి మిగిలింది. తెల్ల జిగురులో ఎర్ర రంగు ఎంత పోసినా గులాబీ రంగే వస్తుంది, ఆకుపచ్చ పిస్తా రంగులో ఆగిపోతుంది. ముదురు ఎరుపు కావాలంటే పారదర్శకంగా ఉండే పివిఎ గ్లూ కావాలి. మా పిల్లల స్కూల్లో క్రిస్మస్ సెలవుల ముందు పార్టీలో దానితోనే చేయిస్తారు, చిన్న సీసాలో పోసి రిబ్బన్ కట్టి ఇంటికి పంపుతారు. తెల్ల జిగురే వాడాలంటే మంచు స్లైమ్ ఒక్కటే చేయించండి, రంగు గొడవే ఉండదు. దానిలో వెండి మెరుపులు చల్లితే బ్రహ్మాండంగా ఉంటుంది. కాకపోతే ఆ మెరుపుపొడి ప్లాస్టిక్. యూరప్‌లో 2023 అక్టోబరు నుంచి విడిగా అమ్మే ప్లాస్టిక్ మెరుపుపొడిని నిషేధించారు కూడా. పైగా చర్చి చాపల్లో దూరితే వచ్చే క్రిస్మస్‌కి కూడా మెరుస్తూనే ఉంటుంది. చమ్కీ స్టార్లు, పెద్ద సైజువి వేయండి, ఏరుకోవడం సులువు. థర్మోకోల్ పూసలు వేయాలనుకుంటే పెద్ద పిల్లలకి మాత్రమే. చిన్నవాళ్ళు ముక్కులో పెట్టుకుంటారు.

---

చిన్నీ వాళ్ళమ్మ

చాపకి అంటితే వెనిగర్ పోసి ఓ పది నిమిషాలు ఆగి పాత బ్రష్షుతో రుద్దండి, విడిపోతుంది. కాటన్ బట్టకీ అంతే, తర్వాత వేడినీళ్ళలో ఉతకాలి. పట్టుకి మాత్రం వెనిగర్, నిమ్మకాయ ఏదీ వద్దు, డ్రైక్లీనింగ్‌కి ఇవ్వడమే. జుట్టుకి అంటితే కొబ్బరినూనె పట్టించి దువ్వెనతో మెల్లగా లాగండి. కత్తెర తీయకండి.

---

తెనాలి సైన్సు మాస్టారు

ఆ వెనిగర్ మాట నిజం. పులుపు తగిలితే బోరేట్ ముడులు వీడిపోయి మళ్ళీ ఉత్త జిగురవుతుంది.

---

గుంటూరు సండేస్కూల్ అక్క

సరే, నిర్ణయం అయిపోయింది. పెద్దవాళ్ళందరికీ మంచు స్లైమే, యేసు పుట్టిన పశువుల పాక బొమ్మ ముందు నేలంతా మంచు కురిసినట్టు పరుస్తామని వాళ్ళని ఒప్పించాను. బేత్లెహేములో మంచు పడుతుందా అక్కా అని ఒకడు అడిగాడు, వాడికి గొర్రెల కాపరి వేషం ఇచ్చి నోరు మూయించాను. చిన్నవాళ్ళకి ఎర్ర ఇసబ్గోల్, నేనే ముందురోజు కాచి తెస్తా. ఇంటికి ఎవరికీ ఇవ్వను, ఇంట్లో చంటిపిల్లలున్నవాళ్ళు చాలామంది. అన్నీ వెనక వరండాలోనే, చాపల మీద కాదు. స్లైమ్ ఆట పిల్లల క్రిస్మస్ నాటిక అయ్యాకే, ఎందుకంటే జ్ఞానులు ముగ్గురికీ దూది గడ్డాలు అంటించి ఉంటాయి.