బడి భయం: గేటు దగ్గరే ఆగిపోతున్న పాపను లోపలికి తేవడం ఎలా?

స్కూల్ కౌన్సెలర్:
తొమ్మిదేళ్ల పాప మూడు వారాలుగా బడికి రావడం లేదు. పొద్దున్నే కడుపునొప్పి, వికారం అంటుంది. సెలవు రోజున ఏమీ ఉండదు. డాక్టర్ చూసి ఒంట్లో జబ్బేమీ లేదన్నారు. మెల్లగా అలవాటు చేద్దామని మొదలుపెట్టాం. గేటు దాకా వస్తుంది, ఏడుపు అందుకోగానే వాళ్లమ్మగారు వెనక్కి తీసుకెళ్లిపోతున్నారు. నాలుగు రోజులుగా ఇదే వరస. ఎక్కడ తప్పుతోంది?

పిల్లల సైకాలజిస్ట్:
వెనక్కి తీసుకెళ్లే సమయం దగ్గర. భయం బాగా ముదిరినప్పుడు ఇంటికి తీసుకెళ్తే పాపకు వెంటనే ఊరట దొరుకుతుంది. రేపటి భయాన్ని పెంచేది ఆ ఊరటే.

గేటును కొన్నాళ్లు పక్కన పెట్టండి. భయానికి 0 నుంచి 10 దాకా మార్కులు పాపచేతే వేయించండి. ఉదాహరణకు, బడి వదిలాక ఖాళీ ఆవరణలో నడవడం 3, ఖాళీ తరగతిలో కూర్చోవడం 4, మీ గదిలో ఒక పీరియడ్ 6, తరగతిలో ఇష్టమైన పీరియడ్ ఒక్కటి 7, పొద్దున ప్రార్థన 9. మొదలు 3 దగ్గర. మార్కు సగానికి దిగేదాకా అక్కడే ఉండాలి, గడియారం చూసి బయటికి రావద్దు. ఒక మెట్టు వరసగా రెండు మూడు రోజులు తేలికయ్యాకే పైది. మధ్యలో రోజులు వదిలేస్తే మళ్లీ కింది నుంచి ఎక్కాల్సి వస్తుంది.

గేటు మెట్టు వచ్చినప్పుడు పాపను అందుకునేది రోజూ ఒకే మనిషి కావాలి. అమ్మగారు ఒక్కసారి టాటా చెప్పి వెళ్లిపోవాలి, గోడ పక్కన నిలబడి చూడకూడదు.

స్పెషల్ ఎడ్యుకేటర్:
దానికన్నా ముందు, భయం దేనికో తేల్చండి. అమ్మకు ఏమైనా అవుతుందనా, అందరి ముందు చదవమంటారనా? దాన్నిబట్టి మెట్లే మారిపోతాయి. ఎవరైనా ఏడిపిస్తుంటే ముందు అది ఆపాలి, లేదంటే పాపను దెబ్బలోకే తోసినట్టు. చదవడంలో ఇబ్బంది ఉందేమో కూడా పరీక్ష చేయించండి.

బడి వేళల్లో ఇంట్లో టీవీ, ఫోన్ వద్దు, పాఠాలే. శిక్షలా చెప్పకండి. మొదట్లో గొడవ పెరుగుతుంది, అప్పుడు సడలిస్తే ఇంకా గట్టిగా ఏడవాలని నేర్పినట్టే.

పిల్లల సైకియాట్రిస్ట్:
మందు గురించి అడిగేవాళ్ల కోసం: 7–17 ఏళ్ల పిల్లల ఆందోళనపై అమెరికాలో జరిగి 2008లో వెలువడిన క్యామ్స్ అనే పరిశోధనలో సీబీటీ (ఆలోచనలను, అలవాట్లను మార్చే మాటల చికిత్స, పైన చెప్పిన మెట్ల పద్ధతి అందులో భాగమే), సెర్ట్రలిన్ (ఆందోళన తగ్గించే మందు) రెండూ ఇచ్చినవారిలో 81 శాతం, సీబీటీతో 60, మందుతో 55, డమ్మీ మాత్రతో 24 శాతం మంది బాగా మెరుగుపడ్డారు. తేలికపాటి భయానికి సీబీటీతోనే మొదలుపెడతాం. మందు పనిచేయడానికి వారాలు పడుతుంది. మొదటి వారాల్లో చిరాకు, చచ్చిపోవాలన్న మాటలు కనిపిస్తే వెంటనే చూపించాలి.

స్కూల్ కౌన్సెలర్:
అమ్మగారు "ఏం కాదమ్మా" అని పదేపదే అంటున్నారు. మాన్పించాలా?

పిల్లల సైకాలజిస్ట్:
ఒక్కసారి అననివ్వండి. మళ్లీ అడిగితే "ఇందాకే చెప్పాను కదా, నీకు తెలుసు" అంటే చాలు. పదిసార్లు చెబితే నిజంగానే ఏదో ఉందనుకుంటుంది.