‘ది ఫ్యామిలీ స్టోన్’లో ఆ భోజనాల సీన్ అమ్మకి ఎలా చూపించాలి?

అమ్మానాన్నలు ఈ క్రిస్మస్‌కి డల్లాస్‌లో నా దగ్గరే ఉన్నారు. నేను గే అని అమ్మకి తెలుసు, నాన్నకి ఇంకా చెప్పలేదు. అందుకే ఆయన పడుకున్నాక ‘ది ఫ్యామిలీ స్టోన్’ (2005) సినిమా పెట్టాను. అందులో థాడ్ గే, చెవులు వినపడవు. అతనూ, అతని భాగస్వామి పాట్రిక్ కలిసి ఒక బిడ్డను దత్తత తీసుకునే పనిలో ఉంటారు. థాడ్ కోసం ఇంటిల్లిపాదీ చేతులు కదుపుతూ మాట్లాడటం అమ్మకి భలే నచ్చింది.

చిక్కంతా భోజనాల బల్ల దగ్గరే. థాడ్ వాళ్ళన్న ఇంటికి తీసుకొచ్చిన ప్రియురాలు మెరెడిత్, ఏ తల్లీ బిడ్డ గే కావాలని కోరుకోదు కదా అన్న ధోరణిలో సాగదీస్తూనే ఉంటుంది. చివరికి తండ్రి కసురుకుంటాడు. తర్వాత తల్లి థాడ్‌తో మాట్లాడుతుంది, నాకు ప్రతిసారీ ఏడుపొచ్చేది అక్కడే. అమ్మ అంతదాకా ఉంటే కదా! "ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేముంది, బిడ్డ కష్టపడకూడదనేగా" అంటూ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తర్వాత ఆ ఒక్క సీనే పెట్టి, తెలుగులో చెబుతూ చూపించాను. నా మాటలు వింటూ తెరమీద మొహాలు చూడనేలేదు. ‘హ్యాపియెస్ట్ సీజన్’ (2020) పెడితే, తను లెస్బియన్ అన్న సంగతి ఇంట్లో దాచిపెట్టిన హార్పర్‌నే మెచ్చుకుంది. గే స్నేహితులేమో, థాడ్ జంట అలంకారానికే, కథంతా మెరెడిత్‌దే, వదిలెయ్ అంటున్నారు. కొంత నిజమే, కానీ నాకు ఆ తల్లి కావాలి.

అమ్మతోనో నాన్నతోనో ఈ సినిమా చూసిన గే ప్రేక్షకులు చెప్పండి: మెరెడిత్ మాటల దగ్గర ఆపి మాట్లాడటం మేలా, తల్లి మాట్లాడేదాకా ఆపకుండా చూపించడం మేలా?