హెపటైటిస్ బి కి పసరు మందు తాగినవాళ్లు ఎవరైనా ఉన్నారా? అనుభవం చెప్పండి

రాజాం_సురేష్:
అందరికీ నమస్కారం. మాది రాజాం దగ్గర పల్లెటూరు. మా తమ్ముడికి 29 ఏళ్లు. పోయిన నెల ఊళ్లో రక్తదాన శిబిరం పెడితే వెళ్లి రక్తం ఇచ్చాడు. పది రోజులకి ఫోన్ చేసి రమ్మన్నారు. హెపటైటిస్ బి పాజిటివ్, అంటే కాలేయానికి సోకే వైరస్ ఉందన్నారు. వాడికి కళ్లు పచ్చబడలేదు, జ్వరం లేదు, అన్నం మామూలుగానే తింటున్నాడు, పొలం పనికీ వెళ్తున్నాడు.

ఇంట్లో మాత్రం ఎవరికీ నిద్ర లేదు. మా పెద్దమ్మ ఆ రోజు నుంచి ఒకటే మాట: "ఏటీ అవదురా, మూడు ఆదివారాలు పసరు తాగితే పోద్ది." పాలకొండ వైపు ఒక ఊళ్లో ఇస్తారట. వాడి కంచం, గ్లాసు విడిగా పెట్టేశారు. వాడికి పెళ్లయి ఏడాదిన్నర, మరదలికి ఇప్పుడు ఐదో నెల. డాక్టర్ గారు ఇంకా కొన్ని టెస్టులు రాశారు, రిపోర్టులు రావడానికి వారం పడుతుందన్నారు. ఈలోగా పసరు పోయించవచ్చా? తాగి తగ్గినవాళ్లు, తగ్గనివాళ్లు ఎవరైనా సరే చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

నరసన్నపేట_శ్రీను:
అన్నయ్యా, కంగారు పడకు. నాకు డిగ్రీ చదివేటప్పుడు పచ్చకామెర్లు వచ్చాయి. కామెర్ల పరీక్షలో చూసే బిలిరుబిన్ 9 దాటింది. కళ్లు పసుపు ముద్దల్లా ఉండేవి, అన్నం వాసనకే వాంతి వచ్చేది. మా నాన్న తెల్లవారకముందే సైకిల్ మీద ఎక్కించుకుని పసరు ఇచ్చే ఆయన దగ్గరికి తీసుకెళ్లాడు. పరగడుపున వెళ్లాలి, దారిలో మంచినీళ్లు కూడా తాగకూడదు. ఆయన లోపల ఆకు నూరుకుని మేకపాలలో కలిపి గిద్దెడు ఇచ్చాడు. ఏ ఆకో చెప్పడు. చెబితే మందు పనిచేయదంటాడు. ఉప్పు, కారం, నూనె మూడు వారాలు బంద్. చప్పిడి మజ్జిగన్నమే. నెల తిరిగేసరికి బిలిరుబిన్ ఒకటికి దిగింది. డబ్బులు కూడా తీసుకోలేదు, తాంబూలంలో ఎంత పెడితే అంతే. అందుకే నాకు ఆ పసరంటే గురి.

బొబ్బిలి_ల్యాబ్:
నేను పదిహేడేళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌ని. శ్రీను గారూ, మీకు అప్పుడు ఏ వైరస్ అని టెస్టు చేశారా? పచ్చకామెర్లు అనేది జబ్బు పేరు కాదు, ఎక్కువగా కాలేయం దెబ్బతిన్నప్పుడు కనిపించే గుర్తు. హెపటైటిస్ వైరస్‌లో ఎ, ఇ రకాలు కలుషితమైన నీళ్లు, తిండి వల్ల వస్తాయి. మన దగ్గర వానాకాలంలో బోరు పక్కనే మురుగు చేరినప్పుడు ఒక్కో వీధిలో నలుగురైదుగురికి కలిసే వస్తుంటాయి. అవి ఎక్కువమందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. బి రకం రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకి వస్తుంది. పాత రిపోర్టు ఉంటే ఒకసారి చూసి చెప్పండి.

నరసన్నపేట_శ్రీను:
బీరువాలో అమ్మ దాచిన కవరు దొరికింది మేడమ్. "యాంటీ హెచ్ఎవి ఐజిఎం: పాజిటివ్" అని ఉంది. దాని కింద "హెచ్‌బిఎస్ ఏజి: నెగెటివ్". అంటే ఏంటి?

బొబ్బిలి_ల్యాబ్:
మొదటిది ఎ రకానికి, రెండోది బి రకానికి చేసే పరీక్ష. అంటే మీకు వచ్చింది ఎ రకం. మీ పథ్యం, విశ్రాంతి, మజ్జిగన్నం మీకు మేలు చేసి ఉండొచ్చు. కానీ పసరు తాగకపోయినా మీకు దాదాపు అదే నెల పట్టేది. సురేష్ గారి తమ్ముడిది పూర్తిగా వేరే సంగతి.

ఇంకొకటి. పెద్దయ్యాక కొత్తగా బి సోకినా, పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ఆరు నెలల లోపు దాన్ని తమ ఒంట్లోంచి తామే వదిలించుకుంటారు. ఆ తొమ్మిదిమందీ పసరు తాగారనుకోండి, తొమ్మిదిమందీ పసరు వల్లే పోయిందని ఊరంతా చెబుతారు. పదోవాడు ఎవరికీ చెప్పడు. ఏళ్ల తర్వాత పొట్టలో నీరు చేరి రావచ్చు. అలాంటివాళ్ల రక్తం నా చేత్తో తీశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాస్టారు_విజయనగరం:
నేను ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకి వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. పసరు అనగానే తీసిపారేసే మనిషిని కాదు. ఈ విషయంలో శాస్త్రవేత్తలు నిజంగానే చాలా శ్రమపడ్డారు, అది అందరికీ తెలియాలి.

మన వైపు కామెర్ల పసరులో ఎక్కువగా వాడేది నేల ఉసిరి. తొలకరి పడగానే గట్ల మీద, పెరట్లో జానెడు ఎత్తున లేస్తుంది. చింతాకులాంటి సన్న ఆకులు. రెమ్మ తిరగేసి చూస్తే అడుగున వరసగా ఆవగింజల్లాంటి కాయలు వేలాడుతుంటాయి. దాంతోపాటు గుంటగలగర, ఆముదం చిగుళ్లు కూడా వాడతారు.

హెపటైటిస్ బి వైరస్‌ని కనిపెట్టిన బరూచ్ బ్లంబర్గ్‌కి 1976లో నోబెల్ వచ్చింది. ఆయన బృందమే ఈ నేల ఉసిరి మీద పనిచేసింది. ఆ మొక్క సారం వైరస్ పెరగడానికి కావాల్సిన ఎంజైమ్‌ని ల్యాబ్‌లో అడ్డుకుంటోందని 1987లో ప్రకటించారు. మరుసటి ఏడాది మద్రాసు డాక్టర్లు మనుషుల మీద పరీక్షించారు. నేల ఉసిరి పొడి 200 మిల్లీగ్రాముల చొప్పున రోజుకి మూడుసార్లు, 30 రోజులు ఇచ్చారు. మందు తీసుకున్న 37 మందిలో 22 మందికి వైరస్ గుర్తు పోయింది. మందు లేని ఉత్తి పొడి ఇచ్చిన 23 మందిలో ఒక్కరికే పోయింది. ఆ వార్త చదివి క్లాసులో పిల్లలకి ఎంత సంబరంగా చెప్పానో నాకింకా గుర్తు.

కానీ ఆ ఫలితం మళ్లీ రాలేదు. థాయ్‌లాండ్‌లో చేశారు, న్యూజిలాండ్‌లో చేశారు, గుర్తు పోలేదు. తర్వాత అన్ని పరీక్షలనూ కలిపి చూసినవాళ్లు కూడా నమ్మదగిన రుజువు లేదన్నారు. నాకు బాధ వేసింది. ఐనా మనం అడగాల్సిన పద్ధతి అదే కదా: ఒకచోట తగ్గితే, ఇంకోచోట కూడా తగ్గాలి.

ల్యాబ్‌లో వైరస్‌ని ఆపిన ఆకు ఒంట్లో ఎందుకు ఆపలేకపోతుంది? మింగినది పేగులు దాటాలి, కాలేయం దాన్ని విరగ్గొట్టేయవచ్చు, రక్తంలోకి చేరేది చాలా కొంచెం కావచ్చు. పసుపులో ఉండే కర్కుమిన్ అనే పదార్థం సంగతీ ఇదే. పైగా హెపటైటిస్ బి వైరస్ తన జన్యువుని కాలేయ కణం కేంద్రకంలోనే దాచిపెడుతుంది. ఇప్పుడున్న ఇంగ్లీషు మాత్రలు కూడా దాన్ని పూర్తిగా పెకలించలేవు, పెరగకుండా అణచి ఉంచుతాయి.

మొక్కల నుంచి వైరస్ మందులు రాలేదా అంటే, వచ్చాయి. ఫ్లూకి వాడే ఒసెల్టమివిర్‌ని తయారుచేయడానికి మూలపదార్థం అనాస పువ్వు నుంచి తీశారు. గ్రీన్ టీ ఆకు సారంతో చేసిన లేపనాన్ని వైరస్ వల్ల వచ్చే ఒకరకం పులిపిర్లకి 2006లో అమెరికాలో అనుమతించారు. అయితే అనాస పువ్వు నమిలితే ఫ్లూ తగ్గదు. దాంట్లోంచి ఒక పదార్థం తీసి, ఎన్నో మెట్లు దాటించి మందుగా మార్చారు.

కవిటి_లక్ష్మి:
మాస్టారూ, మీ దగ్గర చదువుకున్నట్టే ఉంది. మాది ఉద్దానం. ఇక్కడ ప్రతి వీధిలో కిడ్నీ రోగి ఉంటారు. మా నాన్నకి కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 3.8. ఉద్దానం జబ్బుకి కారణం ఇదీ అని ఇంకా తేల్చలేదు, కాబట్టి పసరు వల్ల వచ్చిందని నేను అనడం లేదు. కానీ ఒకసారి విషజ్వరం వచ్చినప్పుడు నాన్న ఎవరో ఇచ్చిన కషాయం పదిహేను రోజులు తాగాడు. తర్వాత చెకప్‌కి వెళ్తే 2.6 ఉన్నది 3.8 అయింది. డాక్టర్ మొదట అడిగిన ప్రశ్న, "ఏం ఆకు తాగారు?" మా దగ్గర జవాబు లేదు. ఆకు పేరు చెప్పని మందు తాగితే వచ్చే కష్టం అదే. కషాయమే కారణమో కాదో ఈ రోజుకీ మాకు తెలియదు.

మాస్టారు_విజయనగరం:
అమ్మా లక్ష్మీ, నాన్నగారికి ఇంకెప్పుడూ తెలియని ఆకు పెట్టకండి. గాడిదగడపాకు, ఈశ్వరి అని మన పల్లెల్లో వాడే మొక్కలున్నాయి. వాటిలో ఉండే అరిస్టొలోకిక్ ఆమ్లం కిడ్నీలను పాడుచేస్తుంది, మూత్రనాళాల్లో క్యాన్సర్ తెస్తుంది. 1990లలో బెల్జియంలో సన్నబడటానికని మూలికలు వాడిన ఆడవాళ్ల కిడ్నీలు ఇలాగే దెబ్బతింటే ప్రపంచానికి ఈ సంగతి బాగా తెలిసింది. నూరి పాలలో కలిపేశాక అది నేల ఉసిరో, గాడిదగడపాకో నేను కూడా గుర్తుపట్టలేను.

చీపురుపల్లి_రమణ:
కరోనా టైములో తిప్పతీగ కషాయం రోజూ రెండు పూటలా మూడు నెలలు తాగాను. కాలేయం దెబ్బతింటే పెరిగే ఎస్‌జిపిటి 400 దాటింది. మానేశాక రెండు నెలలకి మామూలైంది. తర్వాత పేపర్లో చూస్తే 2021లో ముంబయి డాక్టర్లు తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్న సంగతి ప్రచురించారని ఉంది. ఆయుష్ వాళ్లు అది వేరే జాతి తీగ అయి ఉంటుందన్నారు. ఏదైనా గానీ, కాలేయంలో వైరస్ ఉన్న కుర్రాడికి ఇలాంటివి ఇవ్వకండి.

పార్వతీపురం_అప్పారావు:
అన్నీ మానేయమంటే ఎలాగండీ? 2006లో చికున్‌గున్యా వచ్చినప్పుడు మా ఊరంతా మంచాన పడింది. దానికి మందే లేదన్నారు. వావిలాకు మరిగించిన నీళ్లతో స్నానం చేస్తేనే కీళ్లు కదిలేవి. మా అవ్వ రోజూ కాగు పెట్టేది.

సీనియర్_నర్స్_శ్రీకాకుళం:
అప్పారావు గారూ, వావిలాకు స్నానం నేనూ చేస్తాను, మా అమ్మకీ చేయిస్తాను. వేడినీళ్లకి, ఆ ఆకుకి నొప్పి సర్దుకుంటుంది. దగ్గుకి తేనె మంచిదే, ఏడాది లోపు పిల్లలకి మాత్రం నాకించకూడదు. ఆటలమ్మ వస్తే వేపాకు పక్కన పెట్టుకోండి, తప్పులేదు. ఇవన్నీ బాధ తగ్గించేవి. గండం తప్పించాల్సిన చోట వీటిని నమ్ముకుంటేనే ప్రాణం మీదికి వస్తుంది. కుక్క కరిస్తే పసరు పోయించి, కట్టు కట్టించి, ఇరవై రోజుల తర్వాత నీళ్లు చూసి భయపడుతున్న గుంటడిని తీసుకొచ్చారు ఒకసారి. అప్పుడిక ఎవరం ఏమీ చేయలేకపోయాం. పావుగంట సబ్బుతో కడిగి ఆ రోజే టీకా మొదలుపెడితే ఆ పిల్లాడు బతికేవాడు.

సురేష్ బాబూ, మీ విషయంలో అందరూ తమ్ముడి గురించే మాట్లాడారు, నాకు మరదలి గురించి దిగులుగా ఉంది. ఆమెకి హెచ్‌బిఎస్ ఏజి టెస్టు అయిందా? కాన్పు కార్డులో చూడండి. నెగెటివ్ అయితే గర్భంతో ఉన్నా టీకా వేయించవచ్చు: ఇప్పుడొకటి, నెల తర్వాత ఒకటి, మొదటిది వేసిన ఆరు నెలలకి ఒకటి. పాజిటివ్ అయితే బిడ్డ పుట్టిన 12 గంటల్లోపు టీకాతోపాటు వైరస్‌ని అడ్డుకునే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ కూడా పడాలి. అది ముందే తెలిస్తేనే కాన్పు చేసేచోట సిద్ధంగా ఉంచుతారు. కంచం, గ్లాసు విడిగా పెట్టక్కర్లేదు, కలిసి తింటే ఇది రాదు. రేజరు, బ్రష్షు, నెయిల్ కట్టరు మాత్రం ఎవరివి వాళ్లకే. 2018 నుంచి హెపటైటిస్‌కి జాతీయ కార్యక్రమం ఉంది, దాని కింద ప్రభుత్వాసుపత్రుల్లో పరీక్ష, మందులు ఉచితం. జిల్లా ఆసుపత్రిలో అడగండి.

రాజాం_సురేష్:
ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. రిపోర్టులు వచ్చాయి. తమ్ముడికి ఎస్‌జిపిటి మామూలుగానే ఉంది, స్కానింగ్‌లో కాలేయం బాగుంది, రక్తంలో వైరస్ తక్కువే. ఇప్పుడే మాత్రలు అక్కర్లేదు, ఆరు నెలలకి మళ్లీ చూద్దాం, మద్యం తాగొద్దు, పసరు అసలు వద్దు అన్నారు. మరదలికి నెగెటివ్. మొదటి టీకా నిన్న వేయించాం.

పెద్దమ్మ మొదట ఒప్పుకోలేదు. శ్రీను పాత రిపోర్టు సంగతి చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అయితే ఆ గుంటడిది వేరే కామెర్లా?" అని అడిగింది. రాత్రి వాడి కంచం తీసుకొచ్చి తన పక్కనే పెట్టుకుని అన్నం వడ్డించింది. ఆదివారం పాలకొండ వెళ్లలేదు.

బొబ్బిలి_ల్యాబ్:
చాలా సంతోషం. వైరస్ తక్కువుంది కదా అని ఆరు నెలల పరీక్ష మానేయకండి, ఇది నెమ్మదిగా పెరిగే జబ్బు. ఒకవేళ ఎప్పుడైనా మాత్రలు మొదలుపెడితే డాక్టర్‌కి చెప్పకుండా ఆపకూడదు, ఒక్కసారిగా తిరగబడొచ్చు. మీ అమ్మగారికి, మీకు, ఇంట్లో మిగతావాళ్లకి కూడా టెస్టు చేయించారా?

రాజాం_సురేష్:
లేదు మేడమ్, ఆలోచనే రాలేదు. సోమవారం అందరం కలిసి వెళ్తాం.